సత్యానందం కట్టిన సముద్రపు రేవు

కాలువలకి నీళ్ళు కట్టేసే రోజులొస్తే సత్యానందం మేస్త్రీ ఇంటి దగ్గర దొరకడు. ఏప్రిల్ సగానికి గోదావరి కాలువలు ఎండుతాయి, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఆ మధ్యలోనే కాలువ అడుగు కంటికి కనబడుతుంది. రేవు మెట్లు కట్టాలన్నా, కూలిన గట్టుగోడ నిలబెట్టాలన్నా అదే అదను. రాజోలు, అమలాపురం వైపు ఊళ్ళలో ఏ కాలువ రేవులో దిగినా ఆ మెట్లు సత్యానందంవో, ఆయన తండ్రి ఏసుపాదంవో అయ్యుంటాయి. ఆ సంగతి దిగేవాళ్ళకి తెలియదు. రేవు పక్కన రాతి మీద చందాలిచ్చిన వాళ్ళ పేర్లుంటాయి, కొబ్బరికాయ కొట్టిన వాళ్ళ పేర్లుంటాయి. తాపీ పట్టినవాడి పేరు ఉన్న రాయి నేనింతవరకు చూడలేదు.

మనుషులు దిగే రేవుకి మెట్లు కడతారు. పశువుల రేవుకి మెట్లుండవు, వాలుగా దిగే గచ్చు ఉంటుంది. గిట్టలు జారకుండా ఆ గచ్చు తడిగా ఉన్నప్పుడే కొబ్బరిమట్ట అంచుతో అడ్డంగా గాళ్ళు గీస్తారు. గాడి మరీ లోతైతే గిట్ట ఇరుక్కుంటుంది, తక్కువైతే నాచు పట్టి గేదె జారుతుంది. ఆ గీతకి మా పేటలో ఏసుపాదం కుటుంబం పెట్టింది పేరు.

ఇంకో పద్ధతి కూడా ఆ ఇంటిదే. రేవు పూర్తయ్యాక, నీళ్ళు వదలకముందు, ఆ ఇంటి ఆడమనిషి నిండు బిందె చంకన పెట్టుకుని, కిందికి చూడకుండా పైమెట్టు నుంచి అడుగు దాకా దిగి మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కడ నీళ్ళు తొణికితే అక్కడ మెట్టు ఎత్తులో తేడా ఉన్నట్టు. దాన్ని పగలగొట్టి మళ్ళీ పోస్తారు. దీన్ని మొదలుపెట్టింది ఏసుపాదం భార్య. మెట్లు సరిచూడ్డానికని పైకి చెప్పేవాళ్ళు. అసలు సంగతి వేరు. ఆ రోజుల్లో మా పేటవాళ్ళు కట్టిన రేవులో మా పేటవాళ్ళని దిగనిచ్చేవాళ్ళు కాదు. నీళ్ళొచ్చాక మాకు దిగువన ఎక్కడో వేరే గట్టు. అందుకని నీళ్ళు రాకముందే, పరీక్ష పేరు చెప్పి, ఆ రేవులో మొదటి అడుగు ఆవిడ వేసేది. ఊరి పెద్దలు గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు. ఏ మెట్టు పగలగొట్టాలో ఆవిడ చెబితే వినేవాళ్ళు.

ఆవిడ తర్వాత ఆ బిందె కోడలు కృపమ్మ చేతికొచ్చింది. కృపమ్మ పెళ్ళైన వేసవి నుంచే భర్త వెంట పనికెళ్ళేది. సిమెంటు గమేళా నెత్తిన పెట్టుకుని ఎండిన కాలువల్లోకి ఎన్నివేలసార్లు దిగిందో లెక్కలేదు. పని దగ్గర అందరిలాగే ఆవిడా భర్తని మేస్త్రీగారూ అని పిలిచేది. ఆ పిలుపు ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఇప్పుడు అన్నం వడ్డించేటప్పుడు కూడా మేస్త్రీగారే.

మూడేళ్ళ కిందట ఆవిడ కాలికి గాజుపెంకు గుచ్చుకుంది. షుగరు ఉన్న మనిషి. పసుపు అద్ది పనికెళ్ళింది. పుండు మానలేదు, నలుపు తిరిగింది, చివరికి కుడికాలు మోకాలి దాకా తీసేశారు. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న కూతురు క్రిస్టీనా ఒక చక్రాల కుర్చీ పంపించింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏడవబోతే కృపమ్మ ఏడవనిచ్చేది కాదు.

“ఓ కాలు పెద్దాసుపత్రిలో పెట్టొచ్చేను. ముందెళ్ళి పైన నాకు చోటు చూసి ఉంచుతాది” అనేది.

ఆ తర్వాత సత్యానందం కట్టిన రెండు రేవులకి బిందె పరీక్ష జరగలేదు. కూలికొచ్చిన మరో ఆవిడ దిగుతానంటే సత్యానందం వద్దన్నాడు. వాటిలో ఒకదాని నాలుగో మెట్టు దగ్గర జనం ఇప్పటికీ తడబడతారు.

కృపమ్మకి కాలు పోయిన బాధకంటే ఈస్టరు బాధ ఎక్కువ. ప్రతి ఈస్టరుకి మా చర్చి సంఘం తెల్లారకముందే బయల్దేరి పడవలపాలెం తీరానికి వెళ్తుంది. సముద్రంలోంచి సూర్యుడొచ్చే వేళకి అందరూ నీళ్ళ అంచున నిలబడి పాడాలి. రోడ్డు సరుగుడు తోట దగ్గర అయిపోతుంది. అక్కణ్ణుంచి అలల దాకా గట్టు దిగి, ఇసకలో నడవాలి. కాలు పోయాక వచ్చిన మొదటి ఈస్టరుకి కృపమ్మ తోట దగ్గర ఆటోలోనే కూర్చుండిపోయింది. సంఘంలో కుర్రాడు స్టీఫెన్ ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చాడు.

“అత్తగారూ, కుర్చీతో సహా ఎత్తేస్తామండి. నలుగురం ఉన్నాం.”

“ఆ నలుగురూ ఎప్పుడో ఒకరోజు ఎలాగూ మోస్తారు బాబూ. ఊపిరుండగా వద్దు. దిగితే నేనే దిగుతాను.”

“పంతం దేనికండీ? దేవుడి పని కదా.”

“దేవుడి పనే. అందుకే మూటలాగ వెళ్ళకూడదు.”

పాట దూరంగా గాలికి వినిపించింది. ఆటోలో కూర్చుని ఆవిడా పాడింది. తిరిగొచ్చేటప్పుడు సత్యానందంతో ఒక్కటే మాటంది. “ఇన్ని ఊళ్ళకి ఇన్ని రేవులు కట్టేరు. నేను దిగ్గలిగేది ఒక్కటి లేదు, పశువుల రేవు తప్ప.”

తర్వాత కొన్నాళ్ళు ఆయన అన్నం సరిగా తినలేదని మాకు తెలుసు.

మరుసటి వేసవికి కొత్తపేట నుంచి బంగారరాజు వచ్చాడు. ఆయనకి గుండ్రటి సిమెంటు బావి వరలు, కంచె స్తంభాలు పోసే యార్డుంది. చిన్న చిన్న కాంట్రాక్టులు కూడా చేస్తాడు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, నెమ్మదిగా చెప్పాడు.

“పడవలపాలెం బీచికి ర్యాంపు, మెట్లు మంజూరయ్యేయండి మేస్త్రీగారూ. కుర్చీల్లో వచ్చేవాళ్ళు, ముసలివాళ్ళు దిగడానికంట. మీరు చేస్తానంటే నేను తీసుకుంటాను.”

సత్యానందం నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి కృపమ్మ అందుకుంది.

“చేస్తారని రాసేసుకోండి రాజుగారూ. ఈయన్నేం అడుగుతారు?”

“మేస్త్రీగారి మాట కూడా వినాలి కదమ్మా.”

“ఆయ్. ఆయన మాట నేనేనండి.”

పని మే నెలలో మొదలైంది. సత్యానందానికి అది పనిచేసే నెల. కూలీలకి కూడా అదే అలవాటు. సత్యానందం తన వృత్తి అంతా ఆ ర్యాంపులో పెట్టాడు. ఒక్కో అడుగు లోతు దిగడానికి పన్నెండడుగుల పొడవు చొప్పున వాలు పెట్టాడు. కుర్చీ ఆపుకుని ఊపిరి తీసుకోడానికి మధ్యమధ్య చదునైన చోట్లుంచాడు. తీరంలో బోరు నీళ్ళు ఉప్పు కాబట్టి ఊరి మంచినీళ్ళ చెరువు నుంచి ట్రాక్టరు మీద డ్రమ్ములు తెప్పించి సిమెంటు కలిపించాడు. ఇనుముకి ఉప్పుగాలి తగలకుండా కాంక్రీటు మందంగా పోయించాడు. గచ్చు మీద గాళ్ళు తనే స్వయంగా కొబ్బరిమట్టతో గీశాడు, గిట్టలకి బదులు చక్రాలని తలుచుకుంటూ. పక్కన నడిచేవాళ్ళకి మెట్లు, వాటికి పట్టుకోడానికి సరుగుడు కర్రల దడి. ఇనుప గొట్టాలు పెడదామని బంగారరాజు అంటే ఒప్పుకోలేదు.

ర్యాంపు కొస ఇసకలోకి దిగి ఆగింది. అక్కణ్ణుంచి అలలు ఇంకా చాలా దూరం. మే నెలలో ఆ తీరం అంత వెడల్పుగా ఉంటుంది. బంగారరాజుకి అనుమానం వచ్చింది.

“నీళ్ళ దాకా వెళ్ళలేదేంటండీ?”

“నీళ్ళే వస్తాయండి. కాలవలో ఇప్పుడు అడుగు దాకా కట్టి వదిలేస్తాం, జూన్‌లో నీళ్ళొచ్చి మెట్లెక్కుతాయి కదా. వర్షాలు పడ్డాక సముద్రం కూడా పైకొస్తాది. ఇక్కడికే వస్తాది.”

కూలీలందరూ తలూపారు. వాళ్ళూ కాలువ గట్టున పుట్టినవాళ్ళే. పడవలపాలెంలో పడవున్న పెదబాబు వల బాగుచేసుకుంటూ ఈ మాట విన్నాడు.

“మేస్త్రీగారూ, ఈ ఇసక మాది కాదండోయ్. అద్దెకొచ్చింది. చెప్పాపెట్టకుండా ఖాళీ చేసి పోద్ది.”

అందరూ నవ్వారు. సత్యానందం కూడా నవ్వాడు. పెదబాబు రోజుకి పది మాటలు ఇలాంటివి అంటాడు, ఏది వేళాకోళమో ఏది కాదో ఆయన భార్యకే తెలియదు.

జూన్ మొదట్లో కృపమ్మ పరీక్షకి వచ్చింది. చిన్న స్టీలు బిందె నిండా ఇంటి కొళాయి నీళ్ళు పట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలుతో నడుముకి కట్టుకుంది. ఎవర్నీ కుర్చీ ముట్టుకోనివ్వలేదు. మోతలు మోసిన చేతులు. చక్రాలు పట్టుకుని దిగింది, కొస దాకా వెళ్ళింది, తిరిగి ఎక్కింది. చుక్క తొణకలేదు.

“బాగుంది. సముద్రమే కనబళ్ళేదు” అంది.

“వస్తాది.”

“ఈస్టరుకి ఉంటాదా మరి, లేకపోతే కాలవలాగ మళ్ళీ కట్టేస్తారా?” అని నవ్వింది.

ప్రారంభోత్సవం జరిగింది. రిబ్బను కత్తిరించారు. కుర్చీలో ఉన్న మనిషి ఫోటోకి కావాలన్నారు గానీ, కృపమ్మ అప్పటికే ఇంటికెళ్ళిపోయింది. ర్యాంపు మొదట్లో నల్లరాతి శిలాఫలకం పెట్టారు. దానికి మాత్రం పునాది నిజంగా గట్టిగా వేశారు.

వర్షాకాలం వచ్చింది. సత్యానందం చెప్పినట్టే సముద్రం దగ్గరికొచ్చింది. ఆగస్టులో అలలు ర్యాంపు కొసని తాకాయని విని ఆయన సైకిలేసుకుని వెళ్ళి చూసొచ్చాడు. కొసన నిలబడితే నీళ్ళు చీలమండ దాకా వచ్చాయట. ఆ రోజు ఇంట్లో చేపల పులుసు. కృపమ్మ తనూ వస్తానంది. నేల ఎండాక వెళ్దామన్నాడు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. పెద్ద తుపానేమీ కాదు, టీవీల వాళ్ళు ఒకరోజు చెప్పి మర్చిపోయారు. నాలుగు రోజులు గాలి, వాన. ఐదో రోజు పెదబాబు ఫోను చేశాడు.

“మేస్త్రీగారూ, మీ రేవు గాల్లో ఉందండి.”

వేళాకోళమనుకుని సత్యానందం పెట్టేశాడు. మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి పెదబాబు నవ్వలేదు. “నిజంగానేనండి. రండి.”

వెళ్ళేసరికి తీరం మారిపోయి ఉంది. వేసవిలో పిల్లలు క్రికెట్టాడిన ఇసక లేదు. గట్టు పక్కన మనిషి ఎత్తున కోసుకుపోయింది. ర్యాంపు కింది సగం కింద ఇసక లేక, చిగురులేని పన్నులా ముందుకి పొడుచుకొచ్చి వేలాడుతోంది. కొస నుంచి కిందికి ఛాతీ ఎత్తు ఖాళీ. వాలు చెదరలేదు, గాళ్ళు చెదరలేదు, కాంక్రీటు బీట తీయలేదు. మెట్లు కూడా అంతే, ఆఖరి మెట్టు తర్వాత గాలి. ఇంకాస్త కిందికి, అలల మధ్య, ఎప్పుడో సముద్రం మింగేసిన కొబ్బరితోట మొదళ్ళు వేళ్ళతో సహా బయటపడి ఉన్నాయి. వేసవంతా వాటి మీదే నడిచారు, అవి ఉన్నట్టు కూడా ఎవరికీ గుర్తులేదు.

సత్యానందం వేలాడుతున్న పలక కిందికి వెళ్ళి కూర్చున్నాడు. తను వేసిన పునాది అడుగు ఆయన తల పైన ఉంది. చెయ్యెత్తి దాన్ని తడిమాడు.

“కాలవలో నీరు ఎక్కుతాది, దిగుతాది. అడుగు అలాగే ఉంటాది. ఇక్కడ అడుగే లేచెళ్ళిపోయింది పెదబాబూ” అన్నాడు.

“నేను వేసవిలోనే అన్నానండి, అద్దె ఇసకని.”

“అన్నావు. నవ్వుతా అన్నావు.”

“ఏడుస్తా చెబితే వినేవారా?”

సత్యానందం పలక కింద నుంచి లేచాడు. “మళ్ళీ వస్తాదా ఈ ఇసక?”

“సంక్రాంతి దాటేక మెల్లగా వచ్చేస్తాదండి. ఎండలొచ్చేసరికి మీ రేవు కింద అంతా నిండిపోయి, ఏమీ ఎరగనట్టుంటాది. మళ్ళీ వానల్లో పోద్ది. మా తాతల్నాటి నుంచీ ఇదే వరస.”

ఎవరూ దిగకుండా సత్యానందం పైన అడ్డంగా సరుగుడు కర్రలు కట్టాడు. కార్తీకమాసం దగ్గర పడుతోంది, సముద్రస్నానాలకి ఆడవాళ్ళు చీకటినే వస్తారు. చీకట్లో ర్యాంపు బాగానే కనబడుతుంది, అది అయిపోయిన చోటు కనబడదు.

మర్నాడు కృపమ్మ ఆటో మాట్లాడుకుని తనే వచ్చింది. పైన కర్రల దగ్గర కుర్చీ ఆపుకుని కిందికి చూసింది. సత్యానందం తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు.

“నేను పాస్ చేసేనండి దీన్ని” అంది ఆవిడ.

“నీ తప్పేముంది?”

“ఉంది. కాలవలో అయితే ఎప్పుడూ అడుగు దాకా దిగి చూసేదాన్ని. ఈసారి కొళాయి నీళ్ళు నింపుకొచ్చి, కొస దాకా వెళ్ళి తిరిగొచ్చేసేను. సముద్రం దాకా వెళ్ళి బిందె ముంచుంటే అప్పుడే తెలిసేది, ఇది రేవు కాదని. మీ అమ్మగారైతే ఒప్పుకునేవారు కాదు.”

కుర్చీ వెనక్కి తిప్పుకుంటూ మళ్ళీ అంది. “ఈస్టరుకి నేను ఆటోలో కూర్చోనండి. చెబుతున్నాను.”

సత్యానందం బంగారరాజు దగ్గరికి వెళ్ళాడు. పని పాడైతే రెండేళ్ళ దాకా ఆయనే బాగుచేయాలి, అందుకని ఆయన కూడా దిగులుగానే ఉన్నాడు. కానీ ఆయన దిగులుకి దారి వేరు.

“మేస్త్రీగారూ, తొందరెందుకండీ? ఇసక దానంతటదే వచ్చి నిండిపోద్దంట కదా. మే నెలలో చూసుకుందాం. అప్పుడు మీ కూలీలూ దొరుకుతారు.”

“మే నెలలో చేస్తే మళ్ళీ ఇదే చేస్తానండి. అడుగు ఇప్పుడే కనబడుతోంది. ఇప్పుడే చెయ్యాలి.”

“కార్తీకంలో పునాదులేంటండీ! వానలింకా తగ్గలేదు.”

“కాలవకి నీళ్ళు కట్టేసే అదను వేసవి అయితే, సముద్రానికి ఇప్పుడేనండి. మనకి తిరగేసి ఉంది, అంతే.”

బంగారరాజు ఫోను జేబులో పెట్టి లేచాడు. తర్వాత యార్డు వెనక్కి తీసుకెళ్ళాడు. గడ్డి మొలిచిన బావి వరలు అక్కడ వరసగా పడి ఉన్నాయి. ఊళ్ళలో బోర్లొచ్చాక బావులు తవ్వేవాళ్ళు లేరు. ఎవరూ కొనక, పగలగొట్టబుద్ధి కాక అలా వదిలేశాడు.

“ఇవి పనికొస్తాయా?”

సత్యానందం ఒకదాన్ని సుత్తితో కొట్టి విన్నాడు. ఖంగున మోగింది. “పనికొస్తాయండి” అన్నాడు.

ముందు వేలాడుతున్న భాగాన్ని పగలగొట్టాలి. ఆ పని కూలీలకివ్వలేదు. రెండు రోజులు సమ్మెట పట్టుకుని తన గచ్చుని తనే కొట్టాడు. మంచి కాంక్రీటు, తొందరగా లొంగలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకాయన, కట్టేటప్పుడు ఇంత గట్టిగా ఎందుకు కట్టావయ్యా అన్నాడు. ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు, పనికి రారు గానీ పని దగ్గరికి వస్తారు.

కూలీలు మొదట రామన్నారు. కాలువల నిండా నీళ్ళుండగా రేవు పనేంటన్నారు. సత్యానందం ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి చెప్పాడు. చెరువు నీళ్ళు మొయ్యక్కర్లేదు, కాలువలో మంచినీళ్ళు కావలసినన్ని ఉన్నాయన్నాడు. ఇద్దరు వచ్చారు. పెదబాబూ, ఆయన పడవ మనుషులూ వేటలేని రోజుల్లో చెయ్యి వేశారు.

వరని ఇసక మీద నిలబెట్టి, లోపలికి ఒక మనిషి దిగి ఇసక తోడి పోస్తుంటే వర తన బరువుకి తనే దిగుతుంది. దాని మీద ఇంకోటి పెట్టాలి. పాత కాలంలో బావులు ఇలాగే తీసేవాళ్ళు. లోపల నీళ్ళూరుతుంటే బకెట్లతో తోడుతూ సత్యానందమే దిగాడు. బయటికి ఆయన తలపాగా ఒక్కటే కనబడేది.

“మేస్త్రీగారూ, సముద్రం ఒడ్డున బావేంటండీ? చేపలు తాగడానికా?” అన్నాడు పెదబాబు వంగి చూస్తూ.

“నీ అద్దె ఇసక ఎంత లోతుందో చూస్తన్నాను. బకెట్టు లాగు.”

ఎంత లోతు దింపాలన్నదానికి ఆయన పెట్టుకున్న గుర్తు ఆ కొబ్బరి మొదళ్ళే. సముద్రం ఎంత తవ్వినా వాటి వేళ్ళ కిందికి వెళ్ళలేదు. ఆ వేళ్ళకంటే కిందికి, చేతికి గట్టి బంకమన్ను తగిలేదాకా ప్రతి వరా దించాడు. దించాక లోపల కాంక్రీటు నింపాడు. వాటి తలల మీద కొత్త పలకలు కూర్చాడు. ఇప్పుడు కింద ఇసక ఉన్నా, పోయినా ర్యాంపు వరల కాళ్ళ మీద నిలబడుతుంది.

ఒక చిక్కు మిగిలింది. వరల మీద ర్యాంపు ఎక్కడో ఒకచోట ఆగాలి. వానాకాలంలో అక్కడికి నీళ్ళొస్తాయి. ఈస్టరు వేసవిలో కాబట్టి అప్పటికి ఇసక పెరిగి నీళ్ళు దూరం జరుగుతాయి. మళ్ళీ కృపమ్మ కుర్చీ ఇసకలో కూరుకుపోతుంది. సత్యానందం నాలుగు రోజులు ఇదే ఆలోచిస్తూ తీరంలో కూర్చున్నాడు. ఎదురుగా పెదబాబు మనుషులు రోజూ పడవ దించుతున్నారు. నీళ్ళు ఏ రోజు ఎక్కడుంటే అక్కడి దాకా ఇసక మీద దుంగలు పరుస్తారు, పడవని వాటి మీంచి దొర్లిస్తారు, వెనకబడ్డ దుంగని తీసి ముందేస్తారు. పని అయ్యాక దుంగలు ఎత్తి గట్టు మీద పెట్టుకుంటారు. సముద్రానికి ఒక్కటి కూడా వదలరు.

ఐదోరోజు ఆయన తాడిమొద్దు ఒకటి కొని బద్దలు చీరించాడు. బద్దల్ని పక్కపక్కన పేర్చి కొబ్బరి తాళ్ళతో అల్లించాడు, చాపలాగ చుట్టడానికి వీలుగా. ఇసకలో దిగబడకుండా కింద పరవడానికి పీచు చాపలు అంబాజీపేట నుంచి తెప్పించాడు. ర్యాంపు కొస నుంచి నీళ్ళ దాకా ఇవి పరవడం, సాయంత్రం చుట్టి గట్టు మీద పెట్టడం. ఆ బాధ్యత పెదబాబు భార్య సత్యవేణి తీసుకుంది. ఆవిడ అత్తగారికి మోకాళ్ళు పోయి మూడేళ్ళుగా పడవల దగ్గరికి రాలేకపోతోంది.

సంక్రాంతి దాటాక ఇసక నిజంగానే తిరిగొచ్చింది. మొదట కొబ్బరి మొదళ్ళు మునిగాయి. తర్వాత వరలు ఒక్కొక్కటే మునిగాయి. మార్చి నాటికి పైన నున్నటి గచ్చు తప్ప ఏమీ కనబడలేదు. ఆ కింద ఎన్ని కాళ్ళున్నాయో, ఎవరు ఎన్ని రోజులు చలినీళ్ళలో నిలబడి దింపారో కొత్తగా వచ్చినవాడికి తెలిసే దారి లేదు. శిలాఫలకం అలాగే మెరుస్తూ ఉంది. దానిమీద తేదీ కూడా మార్చలేదు.

ఈస్టరునాడు ఇంకా మసకగా ఉండగానే సంఘమంతా పడవలపాలెం చేరింది. సత్యవేణి అప్పటికే తాటిచాపలు నీళ్ళ దాకా పరిచి, పక్కన కొంగు బిగించుకుని నిలబడి ఉంది. ఆవిడది గుడికెళ్ళే కుటుంబం, అయినా ఆవేళ చూడాలని వచ్చింది. కృపమ్మ ఆటో దిగి కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో ఖాళీ బిందె. స్టీఫెన్ వెనక చెయ్యి వేయబోయి, ఆవిడ చూపు చూసి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ దిగడం మొదలుపెట్టింది. చదునైన చోట ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ దిగింది. సత్యానందం పక్కన మెట్ల మీంచి దిగుతున్నాడు. ఆవిడ చక్రాల కేసి చూడకూడదని సముద్రం కేసి చూస్తున్నాడు, అయినా చక్రాల కేసే చూస్తున్నాడు. గచ్చు అయిపోయి తాటిబద్దలు మొదలైన చోట కుర్చీ గడగడలాడింది. తర్వాత సర్దుకుంది. బద్దలు టకటకమంటుంటే ఆవిడ ఇసకంతా దాటి, తడి మొదలైన చోట ఆగింది.

జనం రెండు వైపులా జరిగి నిలబడ్డారు. పాట ఎత్తుకున్నారు. తూర్పున ఎరుపు రాగానే ఒక అల వచ్చి చక్రాల ఇరుసు దాకా తడిపింది. కృపమ్మ ఎడమకాలు కిందికి వదిలింది. ఇంకో అల వచ్చింది. ఆవిడ పాట ఆపలేదు, కానీ గొంతు కాస్త పైకి వెళ్ళింది. సత్యానందానికి పాట రాదు. పెదాలు కదుపుతూ పక్కన నిలబడ్డాడు.

ప్రార్థన అయ్యాక ఆవిడ పక్కకి వంగి బిందె అలలో ముంచింది. ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు బిగించుకుంది.

“వెళ్దాం రండి మేస్త్రీగారూ.”

పైకి ఎక్కడం కష్టమే అయింది. బద్దల మీదే రెండుసార్లు ఆగింది. ఎవరూ ముట్టుకోలేదు. బద్దలు అయిపోయి గచ్చు మొదలయ్యే అతుకు దగ్గర ముందు చక్రం ఎగిరిపడింది. ఉప్పునీళ్ళు తొణికి ఆవిడ చీర తడిసింది.

కృపమ్మ కుర్చీ ఆపి వేలు పెట్టి చూపించింది. “ఇక్కడ.”

సత్యానందం వంగి చూశాడు. గచ్చు అంచు బద్దలకంటే బొటనవేలు మందం ఎత్తుగా ఉంది. ఇటుక ముక్క తీసుకుని అక్కడ అడ్డంగా గీత గీశాడు.

“రేపు చెక్కి సరిచేస్తాను.”

“సరిచేసేక నన్ను మళ్ళీ తీసుకురండి.”

“నేను తేవడమేంటే. నువ్వే దిగుతావు కదా.”

“దిగుతాను. ఆటో వరకే మీరు” అని, మిగిలిన నీళ్ళు తొణక్కుండా బిందె సర్దుకుని, మళ్ళీ చక్రాలు పట్టుకుంది.